బ్యారీ శాండర్స్ సంతకం సేకరించడం ఎలా?

అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతిని చంకలో ఇరికించుకొని, ఎదుటి జట్టు వరుసను చీల్చుకుంటూ పరుగెత్తే ఆటగాణ్ణి రన్నింగ్ బ్యాక్ అంటారు. ఆ స్థానంలో ఆడినవారిలో బ్యారీ శాండర్స్ పేరు ముందు వరుసలో వినిపిస్తుంది. 1989 నుంచి 1998 వరకు పది సీజన్లూ డెట్రాయిట్ లయన్స్ జట్టుకే ఆడి 15,269 గజాలు పరుగెత్తిన ఆయన, అప్పటికి అత్యధికమైన వాల్టర్ పేటన్ రికార్డుకు ఇంకా 1,457 గజాల దూరం ఉందనగా, 1999 జూలైలో, 31 ఏళ్ల వయసులో, సొంత ఊరైన విచిటాలోని పత్రికకు ఒక ప్రకటనను ఫ్యాక్స్ చేసి ఆట మానేశారు. బంతిని ఎదుటి జట్టు చివరి గీత దాటించి టచ్‌డౌన్ చేసిన తరువాత చిందులు వేయకుండా బంతిని రిఫరీ చేతికిచ్చి నడిచి వెళ్లిపోవడం ఆయన అలవాటు.

డెట్రాయిట్ చుట్టుపక్కల ట్రాయ్, నోవై, ఫార్మింగ్‌టన్ హిల్స్, కాంటన్ వంటి ఊళ్లలో, కార్ల కంపెనీల ఉద్యోగాల కోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ ఇళ్లలో పెరిగిన పిల్లలు, తాము పుట్టక ముందే ఆట మానేసిన ఈ ఆటగాడి సంతకం కావాలని అడగడం వింతేమీ కాదు. వారి కోసం వెతుకుతున్నా, మీ కోసమే వెతుకుతున్నా, మొదట ఒక విషయం గుర్తుంచుకోండి. సంతకం దొరకడం పెద్ద కష్టమేమీ కాదు. అది ఆయన చేతితో పెట్టినదేనని పదేళ్ల తరువాత మరొకరికి చూపగలగడమే కష్టం. అందుకని కింద చెప్పిన ప్రతి దారినీ, ఆధారం ఎంత గట్టిగా మిగులుతుందన్న దృష్టితోనే తూచి చెబుతున్నాను.

ముందుగా, ఏ శాండర్స్ అన్నది తేల్చుకోండి

కొత్తవారు ఇక్కడే ఎక్కువగా పొరబడతారు. జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 1989లో, మూడో స్థానంలో బ్యారీ శాండర్స్‌ను డెట్రాయిట్ తీసుకోగా, ఐదో స్థానంలో డియాన్ శాండర్స్‌ను అట్లాంటా తీసుకుంది. ఇద్దరి తొలి కార్డులూ (ఆటగాళ్ల బొమ్మలతో అమ్మే అట్టలు) ఆ ఏడాది స్కోర్ అనే కార్డుల కంపెనీ వేసిన ఒకే సెట్‌లో ఉన్నాయి. ఇద్దరికీ బంధుత్వం లేదు, కానీ ఇంటిపేరు మాత్రమే తెలిసేలా గీసిన సంతకాన్ని చూసి ఒకరిది మరొకరిదిగా కొన్నవారున్నారు. అదీగాక బ్యారీ శాండర్స్ కుమారుడికి కూడా తండ్రి పేరే ఉంది. అతడు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోనూ, ఆ తరువాత తండ్రి చదివిన ఒక్లహోమా స్టేట్ విశ్వవిద్యాలయంలోనూ ఇదే స్థానంలో ఆడాడు. అందువల్ల ఒక్లహోమా స్టేట్ నారింజ రంగు జెర్సీ మీద ఆ పేరు కనిపిస్తే, అది తండ్రిదా కొడుకుదా అని అడగకుండా డబ్బు కట్టవద్దు.

లయన్స్ 20వ నంబరు విషయంలోనూ ఇటువంటి తిరకాసే ఉంది. ఆ నంబరును శాండర్స్ కంటే ముందు లెమ్ బార్నీ, బిల్లీ సిమ్స్ ధరించారు, 2004లో జట్టు ఆ ముగ్గురి గౌరవార్థం దానిని ఇక ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టింది. కాబట్టి పాత జెర్సీ మీద 20 కనిపించినంత మాత్రాన అది శాండర్స్‌దే కానక్కరలేదు.

సంతకం దేని మీద కావాలో నిర్ణయించుకోండి

ఇది అభిరుచికి సంబంధించిన ప్రశ్నలా కనిపించినా, ఖర్చును, భద్రతను, మన్నికను నిర్ణయించేది ఇదే. డబ్బు చెల్లించి సంతకం చేయించుకునే చోట్ల సాధారణంగా కార్డులకు, ఫోటోలకు ఒక ధర, చిన్న హెల్మెట్‌కు మరొక ధర, అసలు కొలత హెల్మెట్‌కు, జెర్సీకి, బంతికి అంతకంటే ఎక్కువ ధర ఉంటాయి. మొదటిసారి ప్రయత్నించేవారికి కార్డు గానీ, ఎనిమిది అంగుళాల వెడల్పు, పది అంగుళాల పొడవున్న ఫోటో గానీ చాలునని నా అభిప్రాయం. పాడైతే పోయేది తక్కువ, దాచడానికి పుస్తకాల అరలో ఒక మూల సరిపోతుంది.

కార్డు అయితే 1989 నాటి స్కోర్ 257వ నంబరు కార్డును చాలామంది కోరుకుంటారు, అది ఆయన తొలి కార్డుల్లో బాగా పేరున్నది. అయితే అసలు కార్డు మీద సంతకం పెట్టించాలా వద్దా అన్నది ఆలోచించాల్సిన ప్రశ్న. మచ్చ లేని కార్డుకు సంతకం లేకుండానే మంచి ధర ఉంటుంది కాబట్టి, మూలలు కొద్దిగా నలిగినదాన్ని తక్కువకు కొని దాని మీద పెట్టించుకోవడం తెలివైన పని. ఈ మధ్య వస్తున్న మెరుపు కార్డుల మీద సిరా నిలవక బొట్లు బొట్లుగా విడిపోతుంది. అటువంటి కార్డును ముందురోజే బేబీ పౌడరుతో తేలికగా రుద్ది, మెత్తటి గుడ్డతో పూర్తిగా తుడిచి ఉంచితే సిరా పట్టుకుంటుంది. కార్డుకు సన్నటి మొన ఉన్న నీలం షార్పీ (చెరగని సిరా మార్కరు) వాడండి. నల్లటి అచ్చు బొమ్మ మీద నల్ల సిరా కలిసిపోతుంది, నీలమైతే చేతితో పెట్టినదని దూరం నుంచే తెలుస్తుంది.

ఫోటో ఎంచుకునేటప్పుడు, లేత రంగు ఉన్న ఖాళీ చోటు కనీసం అరచేతి వెడల్పున ఉన్నదే తీసుకోండి. లయన్స్ హెల్మెట్ వెండి రంగుది కాబట్టి దాని మీద నలుపూ నీలమూ రెండూ బాగుంటాయి. జట్టు నీలం జెర్సీ గుడ్డ మీద పెట్టించాలంటే వెండి రంగు పెయింట్ పెన్ను కావాలి, లేదా లేత రంగులో ఉన్న అంకె లోపల నల్ల షార్పీతో పెట్టించవచ్చు. అంకె లోపల పెట్టించడమే మేలు, ఎందుకంటే అక్కడి బట్ట బిగువుగా ఉండి సిరా పాకదు. ఏ జెర్సీకైనా లోపల ఒక గట్టి అట్ట దూర్చి, వెనుక నుంచి క్లిప్పులతో లాగి పట్టి ఉంచాలి. నేను మొదటిసారి మరొక ఆటగాడి దగ్గరకు జెర్సీ తీసుకెళ్లినప్పుడు ఈ సంగతి తెలియక వదులుగానే బల్ల మీద పరిచాను. కలంతో పాటే బట్ట ముడుచుకుపోయి, ఆ పేరు ఇప్పటికీ వాగు దాటుతున్న చీమల బారులా వంకర్లు పోయి కనిపిస్తుంది.

బంతి సంగతి వేరు. ఆటలో వాడే విల్సన్ బంతి గోధుమ రంగు తోలుతో, గరుకు పొక్కులతో ఉంటుంది. దాని మీద వెండి రంగు వంటి లేత రంగు పెయింట్ పెన్నుతో పెట్టినదే స్పష్టంగా కనిపిస్తుంది. సంతకాల కోసమే ఒకటి రెండు పలకలు తెల్లగా ఉండేలా తయారుచేసిన బంతులు దొరుకుతాయి, వాటి మీద షార్పీ అందంగా కనిపిస్తుంది, కానీ ఆ తెలుపు ఏళ్లు గడిచేకొద్దీ పచ్చబారుతుంది. పెయింట్ పెన్ను తీసుకెళితే, బల్ల దగ్గరకు వెళ్లక ముందే బాగా ఊపి, చిత్తు కాగితం మీద రెండు మూడు గీతలు గీసి సిరా దిగేలా చూసుకోండి. లేకపోతే మొదటి అక్షరం దగ్గరే బొట్టు పడుతుంది.

ఎదురుగా కూర్చుని పెట్టించుకోవడం

ఆధారం అన్నిటికంటే గట్టిగా మిగిలే దారి ఇదే. ప్రతి వేసవిలో జరిగే నేషనల్ స్పోర్ట్స్ కలెక్టర్స్ కన్వెన్షన్ వంటి పెద్ద ప్రదర్శనల్లో మాజీ ఆటగాళ్లు డబ్బు తీసుకుని సంతకాలు చేసే మంటపం ఉంటుంది. 2024లో అది క్లీవ్‌లాండ్‌లోనూ, 2025లో షికాగో పక్కనున్న రోజ్‌మాంట్‌లోనూ జరిగింది. ఏ రోజు ఎవరు వస్తారో ముందే ప్రకటిస్తారు, టికెట్లు ముందే అమ్ముతారు. ఆగస్టు మొదటి వారం ప్రాంతంలో ఒహాయో రాష్ట్రంలోని కాంటన్‌లో, మేటి ఆటగాళ్లను సభ్యులుగా చేర్చుకుని గౌరవించే ప్రో ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ ప్రవేశ వేడుకలు జరుగుతాయి. పాత సభ్యులు బంగారు రంగు కోట్లు వేసుకుని ఆ వేడుకలకు తిరిగి వస్తారు. 2004లో చేరిన శాండర్స్ కూడా ఆ సభ్యుల్లో ఒకరు. ఊరి పేరు చూసి మిషిగన్‌లోని కాంటన్‌కు బయలుదేరకండి, రెండూ వేర్వేరు రాష్ట్రాల్లో ఉన్నాయి. ఇక డెట్రాయిట్‌లోని ఫోర్డ్ ఫీల్డ్ దగ్గర 2023 సెప్టెంబరులో ఆయన విగ్రహాన్ని ఆవిష్కరించారు. అటువంటి జట్టు వేడుకలకు పాత ఆటగాళ్లు వస్తారు కానీ, అక్కడ సంతకం దొరుకుతుందన్న భరోసాతో ప్రయాణం పెట్టుకోవద్దు.

టికెట్ కొనేటప్పుడు మూడు విషయాలు చదివి తెలుసుకోవాలి: మీ వస్తువు ఏ ధర తరగతిలోకి వస్తుందో, పేరు రాయించుకోవడానికి గానీ అదనపు మాట రాయించుకోవడానికి గానీ విడిగా ఎంత కట్టాలో, ఫోటో తీయనిస్తారో లేదో. అదనపు మాటలంటే ఆటగాడి ఘనతను సూచించే చిన్న రాతలు. హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరిన ఏడాదిని చెప్పే ‘హెచ్‌ఓఎఫ్ 04’ అన్నది శాండర్స్ విషయంలో మామూలుగా అడిగేది. ఒక్లహోమా స్టేట్‌లో ఉండగా గెలుచుకున్న, కళాశాల ఫుట్‌బాల్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే 1988 హైస్‌మన్ ట్రోఫీని రాయించుకోవచ్చు. నన్నడిగితే వీటన్నిటికంటే 2,053 అన్న ఒక్క అంకెనే కోరుకుంటాను. 1997 సీజన్‌లో మొదటి రెండు ఆటల్లో కలిపి ఆయన పరుగెత్తింది 53 గజాలే. మిగిలిన పద్నాలుగు ఆటల్లో ప్రతిదానిలోనూ వంద గజాలు దాటి, సరిగ్గా రెండు వేల గజాలు చేర్చారు. ఒక సీజన్‌లో రెండు వేలు దాటిన మూడో ఆటగాడిగా నిలిచి, ఆ ఏడాది అత్యంత విలువైన ఆటగాడి గౌరవాన్ని బ్రెట్ ఫావ్‌తో పంచుకున్నారు. ఆ ఒక్క అంకెలో అంత కథ ఉంది. ఒకే వస్తువు మీద నాలుగైదు రాయించుకుంటే అది రేషను కార్డులా తయారవుతుంది.

పేరు రాయించుకోదలిస్తే, దాన్ని ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో ఒక చిన్న చీటీ మీద రాసి వస్తువుకు అంటించి తీసుకెళ్లండి. మన పేర్లు నోటితో చెబితే వారికి అందవు, ‘శ్రీవిద్య’ అన్న పేరును వరుసలో నిలబడి మూడుసార్లు వర్ణక్రమం చెప్పేలోపు మీ వంతు అయిపోతుంది. పేరు రాయించుకున్న వస్తువు తిరిగి అమ్మితే తక్కువ ధర పలుకుతుందనేది నిజమే, కానీ అమ్మే ఉద్దేశం లేనివారికి అది నష్టం కాదు. పైగా మీరు వ్యాపారి కాదని ఎదుటివారికి అర్థమవుతుంది.

బల్ల దగ్గర మీకు దొరికేది పదిహేను ఇరవై సెకన్లు. వస్తువును కవరులో నుంచి తీసి, కలం మూత తీసి, సంతకం ఎక్కడ కావాలో వేలితో చూపి, ఒక్క మాట చెప్పి పక్కకు తప్పుకోండి. అనుమతి ఉంటే మీతో వచ్చినవారు ఆ క్షణాన్ని ఫోటో తీయాలి, అందులో ఆయన చెయ్యి, వస్తువు, కలం మూడూ కనిపించాలి. వెంటనే సిరాను వేలితో ముట్టుకోవద్దు, పెయింట్ పెన్నుతో పెట్టినదైతే గంటల తరబడి తడిగానే ఉంటుంది. భోజనం చేస్తున్నప్పుడు, కుటుంబంతో ఉన్నప్పుడు, విమానాశ్రయంలో నడుస్తున్నప్పుడు వెంటపడి అడగడం గురించి చెప్పడానికి నా దగ్గర ఏ చిట్కాలూ లేవు. అది మానుకోవాలి.

దూరంగా ఉన్నవారికి

ప్రదర్శనకు వెళ్లలేనివారికి ఉన్న మంచి దారి ప్రైవేటు సంతకాల కార్యక్రమం. ఒక సంస్థ ఆటగాడితో ఒప్పందం చేసుకుని, ఫలానా తేదీన సంతకాలు చేయిస్తామని ప్రకటిస్తుంది. గడువులోపు మీ వస్తువును, రుసుమును, తిరుగు తపాలా ఖర్చును పంపితే, సంతకం చేయించి వెనక్కు పంపుతుంది. పంపే ముందు వస్తువును అన్ని వైపుల నుంచీ ఫోటో తీసుకోండి, పార్సిల్‌కు బీమా చేయించండి, ఏ కలంతో ఎక్కడ పెట్టించాలో ఒక కాగితం మీద రాసి బొమ్మ గీసి జత చేయండి. ధ్రువీకరణ సంస్థ ప్రతినిధి ఆ కార్యక్రమంలో కూర్చుని చూస్తారా అన్నది తప్పక అడగండి, దాని విలువ ఏమిటో కింద చెబుతాను.

ఇక పాత పద్ధతి ఉత్తరం. చేతితో రాసిన ఒక పేజీ ఉత్తరం, ఒకటి లేదా రెండు కార్డులు, మీ చిరునామా రాసి స్టాంపు అంటించిన తిరుగు కవరు, వంగకుండా ఒక అట్ట ముక్క, ఇవి చాలు. ఉత్తరంలో మీరెవరో, ఆయన ఆటలో మీకు నచ్చినదేమిటో నిర్దిష్టంగా రాసి, మర్యాదగా అడిగి ముగించండి. కార్డు వెనుక మూలలో పెన్సిలుతో కనీకనిపించని చుక్క పెట్టి పంపితే, తిరిగి వచ్చినది మీరు పంపినదేనా కాదా అన్నది తెలుస్తుంది. జట్టు కార్యాలయం వంటి బహిరంగ చిరునామాకే రాయండి. ఎక్కడో దొరికిన ఇంటి చిరునామాకు రాయడం ఆ మనిషి గడప దాటి లోపలికి వెళ్లడమే. నెలలు పట్టవచ్చు, సంతకం లేకుండానే వెనక్కు రావచ్చు, అసలు రాకపోవచ్చు కూడా. ఇంత పేరున్న ఆటగాళ్లకు రాసేటప్పుడు, పోయినా బాధపడనిదే పంపండి. తపాలాలో వచ్చిన సంతకానికి సాక్షి ఎవరూ ఉండరు. కొందరు ప్రముఖుల తరఫున సహాయకులు పెట్టడం, సంతకం చేసే యంత్రం వాడడం లోకంలో ఉన్నవే కాబట్టి, ఆధారం విషయంలో, నా తూకంలో ఈ దారి అన్నిటికంటే బలహీనమైనది.

విజయవాడ నుంచో వరంగల్ నుంచో రాసేవారు తిరుగు కవరు మీద భారతదేశపు స్టాంపు అంటిస్తే అది అమెరికాలో చెల్లదు. అక్కడున్న బంధువుల చిరునామాతో, వారి స్టాంపులతో పంపించుకుని, వారు సెలవులకు వచ్చినప్పుడు చేతికి తెప్పించుకోవడం ఉత్తమం. హెల్మెట్ వంటి పెద్ద వస్తువును పార్సిల్‌లో తెప్పిస్తే కస్టమ్స్ సుంకం కట్టవలసి రావచ్చు.

సిద్ధంగా ఉన్నది కొనేటప్పుడు

చివరికి చాలామంది చేసేది ఇదే, మోసం ఎక్కువగా జరిగేదీ ఇక్కడే. 1990ల చివర్లో శాన్ డియెగో కేంద్రంగా ఎఫ్‌బీఐ జరిపిన ‘ఆపరేషన్ బుల్‌పెన్’ దర్యాప్తులో, ఆటగాళ్ల సంతకాలను చేతితో నకలు చేసే ఒక పెద్ద ముఠా బయటపడింది. వారి సరుకు చాలావాటికి ధ్రువపత్రాలు కూడా ఉన్నాయి. కాబట్టి అమ్మేవాడు తానే అచ్చు వేసుకున్న ధ్రువపత్రాన్ని, అది ఎంత దళసరి కాగితం మీద ఎంత బంగారు ముద్రతో ఉన్నా, లెక్కలోకి తీసుకోవద్దు.

అన్నిటికంటే నిశ్చింతగా కొనగలిగినవి కార్డుల కంపెనీలే ఆటగాడి చేత పెట్టించి ప్యాకెట్లలో వేసిన కార్డులు. సంతకానికి కంపెనీదే హామీ అన్న వాక్యం కార్డు వెనుక అచ్చై ఉంటుంది. అయితే సంతకం నేరుగా కార్డు మీద ఉందా, పారదర్శకమైన స్టిక్కరు మీద పెట్టించి అంటించారా అన్నది చూడండి. రెండూ అసలువే గానీ మొదటిదానికి గిరాకీ ఎక్కువ. సంతకం కేవలం బొమ్మలో భాగంగా అచ్చు వేసిన కార్డులు కూడా ఉన్నాయి, భూతద్దం కింద గీత చిన్న చిన్న చుక్కలుగా కనిపిస్తే అది అచ్చు.

మిగతా వస్తువులకు పీఎస్‌ఏ, జేఎస్‌ఏ, బెకెట్ అనే మూడు సంస్థల ధ్రువీకరణను సేకర్తలు ఎక్కువగా నమ్ముతారు. వస్తువు మీద అంటించిన స్టిక్కరు నంబరును ఆ సంస్థ సైట్లో వెతికి, అక్కడ ఉన్న వివరం మీ చేతిలోని వస్తువుతో సరిపోతుందో లేదో చూడండి. హెల్మెట్ మీది నంబరు వెతికితే ఫోటో అని వస్తే అది దొంగ స్టిక్కరు. ఈ సంస్థల ధ్రువీకరణలో రెండు రకాలున్నాయి. ప్రతినిధి ఎదురుగా ఉండి చూసి ఇచ్చేది ఒకటి, తరువాత సంతకాన్ని పరిశీలించి ఇచ్చేది మరొకటి. రెండోది నిపుణుల అభిప్రాయం మాత్రమే, అభిప్రాయం తప్పవచ్చు. రెండు వస్తువుల మధ్య ధరలో కొద్దిపాటి తేడాయే ఉంటే ఎదురుగా చూసినదాన్నే కొనండి.

మీ కళ్లకూ కొంత శిక్షణ ఇవ్వండి. ప్యాకెట్ కార్డుల మీద కనిపించే ఆయన సంతకాలు పది పదిహేను, వేర్వేరు ఏళ్లవి, బొమ్మలుగా సేకరించి పక్కపక్కన పెట్టి చూడండి. అలవాటైన చెయ్యి వేగంగా కదులుతుంది కాబట్టి గీత చివరలు సన్నబడతాయి. నకలు చేసేవాడు ఆగి ఆగి గీస్తాడు కాబట్టి గీత ఒకే మందంలో ఉండి, మలుపుల దగ్గర వణుకు, సిరా ముద్ద కనిపిస్తాయి. రెండు సంతకాలు ఒకదాని మీద ఒకటి పెడితే మిల్లీమీటరు తేడా లేకుండా సరిపోతే సంతోషించకండి, మనిషి చెయ్యి అలా పెట్టలేదు, యంత్రం పెడుతుంది. ఒక్క అక్షరం ఆకారాన్ని పట్టుకుని తీర్పు చెప్పవద్దు. ధర కూడా ఒక సాక్ష్యమే: సంతకం లేని హెల్మెట్ ధరకు, ప్రదర్శనలో కట్టే రుసుము కలిపితే వచ్చే మొత్తం కంటే బాగా తక్కువకు ఎవరైనా అమ్ముతున్నారంటే, ఆ తక్కువ ఎలా సాధ్యమైందో వారినే అడగండి. డబ్బు కార్డు ద్వారా గానీ, కొనుగోలుదారుకు రక్షణ ఉన్న పద్ధతిలో గానీ కట్టండి.

ఆధారాన్ని, వస్తువును దాచుకోవడం

సంతకం చేతికి వచ్చిన రోజే ఒక కాగితం మీద తేదీ, ఊరు, కార్యక్రమం పేరు, కట్టిన సొమ్ము రాసి, టికెట్ ముక్కను, రసీదును, తీసిన ఫోటో ప్రతిని ఒకే కవరులో పెట్టి, వస్తువుతో పాటే ఉంచండి. సంతకం సిరా కంటే, చేయించుకున్నవారి జ్ఞాపకమే ముందు చెరిగిపోతుంది.

సిరాకు ప్రధాన శత్రువు ఎండ. కిటికీ ఎదుటి గోడకు వేలాడదీసిన ఫోటో మీది షార్పీ గీత కొన్నేళ్లకు వెలిసి నీడలా మిగులుతుంది. చట్రం కట్టిస్తే అతినీలలోహిత కిరణాలను ఆపే అద్దం వేయించండి, అట్ట ఆమ్లం లేనిది అడగండి, అద్దం సంతకానికి తగలకుండా మధ్యలో ఖాళీ ఉంచమనండి. కార్డును ముందు మెత్తటి పలుచని తొడుగులో, ఆ తరువాత గట్టి ప్లాస్టిక్ తొడుగులో పెట్టాలి. పీవీసీ వాసన కొట్టే చౌక ఆల్బమ్ పుటలు సిరాను పీలుస్తాయి. మిషిగన్ ఇళ్ల నేలమాళిగ చెమ్మా, విశాఖపట్నం వర్షాకాలపు చెమ్మా ఒకే రకం కీడు చేస్తాయి కాబట్టి, పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేసి అప్పుడప్పుడు మారుస్తూ ఉండండి.

తోలు బంతిలో గాలి నెమ్మదిగా తగ్గి, పలకలు ముడతలు పడి, ఆ ముడతల్లో సంతకం పగులుతుంది. ఏడాదికి రెండుసార్లు బంతిని నొక్కి చూసి, మెత్తబడినట్టు అనిపిస్తే సూదిని తడిపి, సంతకం ఉన్న వైపు పైకి ఉండేలా ఒక గిన్నె అంచు మీద బంతిని నిలిపి, ఆకారం నిలిచే వరకే గాలి కొట్టండి.